ఇంగ్లీషు సొంతంగా నేర్చుకోవడం: సిద్ధం కావలసింది ఎవరు?

వెంకటగిరికోట కూరగాయల మార్కెట్‌లో బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తెగుతుంది. కేజీఎఫ్ దారిలో వచ్చిన వ్యాపారితో కన్నడం, పేర్నంబట్టు ఘాట్ దిగబోయే లారీ డ్రైవరుతో తమిళం, పక్క మండీలో ఉర్దూ కలగలిసిన తెలుగు. ఇంటి టమోటాలు తెచ్చి దించే డిగ్రీ కుర్రాడు ఈ భాషల మధ్య తడుముకోకుండా తిరుగుతాడు. ధర చెప్పడం, తూకం మీద పేచీ పెట్టడం, పాత బాకీ గుర్తు చేయడం అన్నీ ఎదుటివాడి భాషలోనే. అతనికి ఎవరూ విభక్తులు చెప్పలేదు, యూనిట్ టెస్టులు పెట్టలేదు. అదే కుర్రాడు పది గంటలకు కాలేజీలో ఇంగ్లీషు పీరియడ్‌కు కూర్చుంటే నోరు పెగలదు. పదేళ్లకు పైగా ఆ భాషను సబ్జెక్టుగా చదివినవాడు అతను.

ఇతనికి భాషను సొంతంగా నేర్చుకునే సంసిద్ధత ఉన్నట్టా, లేనట్టా? విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషు బోధన గురించి ఆలోచించేవారు నాలుగు దశాబ్దాలకు పైగా ఈ ప్రశ్నతో కుస్తీ పడుతున్నారు. సర్వేలు పేరుకుపోయాయి, వాదాలు ఒకదానిలో ఒకటి చిక్కుపడ్డాయి. డిగ్రీ చదువు ఇంగ్లీషు మాధ్యమంలోకి మారి, ప్రతి చేతిలోకీ ఫోను వచ్చి, ఇప్పుడు కృత్రిమ మేధ కూడా చేరాక ఆ చిక్కు మరింత బిగిసింది. కుప్పం, పుంగనూరు, మదనపల్లెల మధ్య ఉన్న ఈ మూడు రాష్ట్రాల కూడలి నుంచి చూస్తే ముడి ఎక్కడ పడిందో కొంత స్పష్టంగా కనిపిస్తుంది.

ఆలోచన పుట్టిన చోటు

ఈ చర్చకు పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరం. 1969లో అక్కడి విశ్వవిద్యాలయంలో ఈవ్ షాలోన్ 'క్రాపెల్' అనే భాషా పరిశోధన కేంద్రాన్ని స్థాపించాడు. ఆయన తర్వాత దాని బాధ్యత తీసుకున్న ఆన్రీ ఒలెక్, ఐరోపా మండలికి ఇచ్చిన నివేదికలో స్వయం అభ్యసనానికి ఒక నిర్వచనం చెప్పాడు. 1981లో పుస్తకంగా వచ్చిన ఆ నివేదిక సారం ఇది: తన చదువు బాధ్యత తానే తీసుకోగల సామర్థ్యమే స్వయం అభ్యసనం. ఏం సాధించాలి, ఏది ముందు ఏది వెనక, ఏ పద్ధతిలో, ఎంత వేగంతో, చివరికి వచ్చిందో లేదో ఎలా తేల్చుకోవాలి అనే నిర్ణయాలన్నీ నేర్చుకునేవాడివే. ఈ సామర్థ్యం పుట్టుకతో రాదనీ, దాన్నీ నేర్చుకోవలసిందేననీ ఒలెక్ స్పష్టంగా చెప్పాడు. తర్వాత వచ్చిన సర్వేల్లో చాలావాటికి ఈ రెండో సగం గుర్తులేదు.

నాన్సీలో నేర్చుకునేవారు పెద్దవాళ్లు. ఇదే పని బడిపిల్లలతో చేయించిన ఘనత డెన్మార్క్ టీచర్ లెని డామ్‌ది. 1970ల నుంచి ఆమె తరగతిలో ప్రతి పిల్లకూ ఒక దినచర్య పుస్తకం ఉండేది. ఈ రోజు ఏం చేయాలనుకున్నాను, ఏం చేశాను, ఎలా సాగింది, రేపు ఏంటి అనేవి అందులో రాయాలి, అదీ వచ్చీరాని ఇంగ్లీషులోనే. డబ్లిన్‌కు చెందిన డేవిడ్ లిటిల్ ఈ అనుభవాన్ని సిద్ధాంతంగా మలిచాడు. సొంతంగా నేర్చుకోవడమంటే ఒంటరిగా నేర్చుకోవడం కాదని, తోటివారితో, టీచరుతో మాట్లాడుతూనే ఆ స్వాతంత్ర్యం పెరుగుతుందని ఆయన వాదం.

'సంసిద్ధత' అనే మాట ఇంకో దారిలో వచ్చింది. అమెరికాలో 1977లో లూసీ గుగ్లీల్మినో వయోజన విద్య కోసం ఒక కొలమానం తయారు చేసింది. ఇంగ్లీషు బోధనలో సారా కాటరాల్ 1995లో రాసిన వ్యాసం మైలురాయి. విద్యార్థికి స్వేచ్ఛ ఇచ్చేముందు అతని నమ్మకాలేమిటో తెలుసుకోవాలని ఆమె చెప్పింది. టీచరు పాత్ర మీద, దిద్దుబాటు మీద, తన శక్తి మీద, గతంలో భాష నేర్చుకున్న అనుభవం మీద విద్యార్థికి ఏ అభిప్రాయాలున్నాయో అడగాలంది. ఆ దారిలోనే హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో 508 మంది విద్యార్థులను ప్రశ్నించి స్ప్రాట్, హంఫ్రీస్, చాన్ 2002లో ఫలితాలు ప్రకటించారు. పాఠం ఎంచుకోవడం, పద్ధతి నిర్ణయించడం టీచరు పనేనని విద్యార్థులు చెప్పారు. ఆసక్తి ఎక్కువగా ఉన్నవారు మాత్రం తరగతి బయట ఎక్కువ పనులు చేస్తున్నట్టు తేలింది. ముందు ఆసక్తి ఉంటేనే స్వేచ్ఛ ఉపయోగపడవచ్చని వాళ్లు అభిప్రాయపడ్డారు. వాదాన్ని కొత్త మలుపు తిప్పిన మాట అది.

తెలుగునాట దారి వేరు

ఈ మాటలేవీ వినకముందే తెలుగువాళ్లు ఇంగ్లీషును సొంతంగా నేర్చుకునే ప్రయత్నాలు చేశారు. ఇంటింటా శంకరనారాయణ నిఘంటువు. రైల్వే స్టేషన్ పుస్తకాల దుకాణంలో తెలుగు రాపిడెక్స్, ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పుతామనే పలచటి పుస్తకాలు. 'ఈనాడు'లో ఎం. సురేశన్ నడిపిన స్పోకెన్ ఇంగ్లిష్ శీర్షికను రోజూ కత్తిరించి, నోటుబుక్కులో అంటించుకున్న తరం ఒకటుంది. ఏ పాఠం కత్తిరించాలి, ఏది వదిలేయాలి, ఏది మళ్లీ చదవాలి అని వాళ్లే నిర్ణయించుకున్నారు. ఒలెక్ చెప్పిన నిర్ణయాల్లో సగం ఆ జిగురుసీసా దగ్గరే జరిగిపోయాయి.

ఈ మూలకూ ఇంగ్లీషు నిన్నమొన్నటిది కాదు. మదనపల్లెలో అనిబిసెంట్ 1915లో నెలకొల్పిన కళాశాలకు ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. 1919 ఫిబ్రవరిలో అక్కడ బస చేసిన రవీంద్రనాథ్ టాగూర్ 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చింది ఆ ఆవరణలోనే. అయితే అది కొద్దిమందికి అందిన ఇంగ్లీషు.

వ్యవస్థ చేసిన ప్రయత్నాలు ఆలస్యంగా వచ్చినా తక్కువేమీ కాదు. 1958లో హైదరాబాదులో కేంద్ర ఇంగ్లీషు సంస్థ ఏర్పడింది. నేటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) దాని రూపమే. ఆ రోజుల్లో ఇంగ్లీషును 'గ్రంథాలయ భాష'గా చూశారు. పుస్తకం చదివి అర్థం చేసుకుంటే చాలు, మాట్లాడనవసరం లేదు. 1979 నుంచి 1984 వరకు బెంగళూరు కేంద్రంగా ఎన్.ఎస్. ప్రభు నడిపిన ప్రయోగం ఆ చూపును మార్చింది. వ్యాకరణం చెప్పకుండా రైల్వే టైంటేబుల్ చూసి ప్రయాణం లెక్కవేయడం వంటి పనులు పిల్లలకు ఇచ్చారు. అర్థం కోసం మనసు పెనుగులాడుతుంటే భాష దానంతటదే స్థిరపడుతుందని ప్రభు నమ్మాడు. ఆ ప్రయోగంలో పగ్గాలు మాత్రం టీచరు చేతిలోనే ఉన్నాయి. పిల్లలు గుంపులుగా పనిచేస్తే ఒకరి తప్పులు ఒకరికి అంటుకుంటాయని ఆయన జంకాడు. ప్రభు పద్ధతికీ స్వయం అభ్యసనానికీ ముడిపెట్టేవారు ఈ సంగతిని మరిచిపోతుంటారు.

1982లో వచ్చిన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇంటి దగ్గర చదివే డిగ్రీని సాధ్యం చేసింది. 2008లో మొదలైన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఇంకా పెద్ద సాహసం. మండలాల్లోని ప్రభుత్వ బడుల నుంచి పదో తరగతిలో ముందున్న పిల్లలను తీసుకొచ్చి, ఒక్కొక్కరికీ ల్యాప్‌టాప్ ఇచ్చి, రికార్డు చేసిన పాఠాలతో ఇంగ్లీషులో చదివించాలన్నది తొలి ఆలోచన. తెలుగు మీడియం పిల్లలు ఒక్క వేసవి తేడాతో స్వయం అభ్యసనంలోకి, ఇంగ్లీషులోకి ఒకేసారి దూకవలసి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్‌రెడ్డి. ఆయనకు 1994లో ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. కంప్యూటర్ మనిషి మాటను గుర్తుపట్టే విద్యలో ఆయన ఆద్యుల్లో ఒకరు. ఈ రోజు ఫోనులో ఉచ్చారణ సరిచేసే యాప్‌ల వెనక ఉన్నది ఆ విద్యే.

ఆ తర్వాత మార్పులు వేగం అందుకున్నాయి. ఇంజినీరింగ్ కాలేజీలకు ఇంగ్లీషు భాషా ల్యాబులు తప్పనిసరి అయ్యాయి. 2017లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' వచ్చింది. 2021–22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోనే ఉండాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. అంతకు ముందటి ఏడాది డిగ్రీలో చేరినవారిలో దాదాపు నాలుగోవంతు తెలుగు మాధ్యమం విద్యార్థులు. ఆ తర్వాత ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సులను ఉచితంగా అందించే ఒప్పందం కుదిరింది. వేదికలు సిద్ధమయ్యాయి. అయితే ఇల్లలకగానే పండగ కాదు. ఇలాంటి ఆన్‌లైన్ కోర్సుల్లో చేరేవారు ఎక్కువ, పూర్తిచేసేవారు తక్కువ అన్నది ప్రపంచమంతటా కనబడిన సంగతే.

మూడు వాదాలు, ఒక విద్యార్థిని

ఊహకు ఒక విద్యార్థినిని ముందు పెట్టుకుందాం. పుంగనూరు దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే బీఎస్సీ రెండో ఏడాది అమ్మాయి. తరగతిలో ఇంగ్లీషు మాట్లాడదు. పరీక్షకు గైడు బట్టీ పడుతుంది. రాత్రి ఇంట్లో పని అయ్యాక తమ్ముడి ఫోను దొరికితే ఇంగ్లీషు వీడియోలు చూస్తుంది, బాగున్న మాటలు నోటుబుక్కు చివరి పేజీలో తెలుగు లిపిలో రాసుకుంటుంది.

మొదటి వాదం వారు మనసును చూస్తారు. ఆమెకు టీచరు మీద ఆధారపడే అలవాటు ఉంది, తన చదువును తానే గమనించుకునే నేర్పు లేదు, కాబట్టి ఇంకా సిద్ధంగా లేదంటారు. నేర్చుకోవడం ఎలాగో ముందు నేర్పాలన్నది వారి మందు. కాటరాల్ మొదలు ఇప్పటి ప్రశ్నావళుల వరకు ఎక్కువ పని ఈ వర్గానిదే.

రెండో వాదం సంస్కృతిది. గురువుకు ఎదురు చెప్పని సమాజంలో ఐరోపా తరహా స్వాతంత్ర్యం నాటుకోదని కొందరు అన్నారు. విలియం లిటిల్‌వుడ్ 1999లో దీన్ని నాజూకుగా చెప్పాడు. దారి తానే వేసుకునేది ఒక రకం స్వయంప్రతిపత్తి. ఎవరో వేసిన దారిలో తన నడక తానే చూసుకునేది రెండో రకం. తూర్పు ఆసియా విద్యార్థుల్లో రెండోది దండిగా ఉందని ఆయన గమనించాడు. మన దగ్గర దీనికి సాక్ష్యం వెతకనక్కర్లేదు. టీచరు ఉద్యోగాలకు డీఎస్సీ నోటిఫికేషన్ పడితే ఊరి గ్రంథాలయంలో కుర్చీ దొరకదు. అభ్యర్థులు సిలబస్ పంచుకుని, పాత ప్రశ్నపత్రాలు సేకరించి, ఒకరికొకరు పాఠం చెప్పుకుని నెలల తరబడి చదువుతారు. వాళ్లను చదవమని ఏ టీచరూ అదిలించడు. గమ్యం మాత్రం నోటిఫికేషన్‌ది.

ఇదే వర్గంలో ఏడ్రియన్ హాలిడే తిరుగుబాటు చేశాడు. ఫలానా సంస్కృతి వాళ్లకు స్వయంప్రతిపత్తి లేదని తేల్చడమే తప్పని 2003లో వాదించాడు. అది అందరిలోనూ ఉందని ముందే అనుకోవాలి, తరగతి బయట వాళ్ల జీవితంలో అది ఎక్కడ కనబడుతుందో చూడాలన్నాడు. వెంకటగిరికోట మండీని చూడనివాడు చెప్పిన ఈ మాట ఆ మండీకి అతికినట్టు సరిపోతుంది.

మూడో వాదం జేబునూ గడియారాన్నీ చూస్తుంది. ఆ అమ్మాయికి రోజులో మిగిలేది ఎంత సేపు? ఫోను ఎవరిది? డేటా ఎంత? పరీక్ష ఏం అడుగుతుంది? గైడు బట్టీ పడితే మార్కులొచ్చే పరీక్ష పెట్టి, సొంతంగా నేర్చుకోలేదని ఆమెను నిందించడం న్యాయం కాదంటారు వీళ్లు.

పక్కపక్కన పెడితే తేడా ఇలా తేలుతుంది. మొదటివారు లోపాన్ని విద్యార్థిలో చూస్తారు, శిక్షణ ఇవ్వమంటారు. రెండోవారు తేడాను సమాజంలో చూస్తారు, పద్ధతి మార్చమంటారు. మూడోవారు అడ్డంకిని ఏర్పాట్లలో చూస్తారు, పరీక్షనూ సమయాన్నీ మార్చమంటారు. మొదటివారికి లెక్కలున్నాయి, కానీ నోటుబుక్కు చివరి పేజీ వాళ్ల ప్రశ్నావళిలో లేదు. మూడోవారికి ఆ పేజీ కనిపిస్తుంది, కానీ పరీక్ష మారిన చోట కూడా కొందరు విద్యార్థులు ఎందుకు కదలరో వాళ్లు చెప్పలేరు. ఈ వ్యాసం మొగ్గు హాలిడే వైపు, మూడో వర్గం వైపు. తొలి వర్గం చేతిలోని పనిముట్లను పారేయమని దాని అర్థం కాదు.

ఋషివ్యాలీ నిచ్చెన

చర్చ విశ్వవిద్యాలయాల చుట్టూ తిరుగుతుండగా, మదనపల్లెకు దగ్గర్లోనే దీనికి జవాబు లాంటిది ఒకటి పల్లె బడుల్లో తయారైంది. జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన ఋషివ్యాలీ విద్యాసంస్థ చుట్టుపక్కల గ్రామాల్లో చిన్న బడులు నడిపింది. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు, ఒకరిద్దరు టీచర్లు. పద్మనాభరావు, రమ దంపతులు ఆ బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు.

గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ ఉంటుంది. ప్రతి మెట్టు మీద బొమ్మగుర్తులు. పిల్ల తాను ఏ మెట్టు మీద ఉందో చూసుకుంటుంది, ఆ గుర్తున్న కార్డును అరలోంచి తానే తీసుకుంటుంది. ఏ గుంపులో కూర్చోవాలో కూడా కార్డు గుర్తే చెబుతుంది: టీచరు పక్కన ఉండాలా, కొంత సాయం చాలా, తోటిపిల్లలతోనా, ఒక్కతేనా. నాలుగు రోజులు బడి మానేసి వేరుశనగ పీకడానికి వెళ్లొచ్చినా, వదిలిన మెట్టు నుంచే మళ్లీ ఎక్కుతుంది. కర్ణాటకలో 'నలి కలి' బోధనా పద్ధతికి, తమిళనాడులో కార్డులతో సాగే కృత్యాధార బోధనకు ప్రేరణ ఇక్కడినుంచే వెళ్లింది.

ఇది ప్రాథమిక బడి సంగతి, డిగ్రీ ఇంగ్లీషుది కాదు. గమ్యం ముందే నిర్ణయమైంది కాబట్టి ఒలెక్ కోరిన పూర్తి స్వేచ్ఛా కాదు. అయినా అది ఒకటి రుజువు చేసింది. నిర్ణయాలను మెట్టుమెట్టుగా చేతికిస్తే ఆరేళ్ల పల్లెపిల్ల కూడా తన చదువు లెక్క తాను చూసుకుంటుంది. అక్కడ ముందు సిద్ధమైంది బడి. పిల్లలు తర్వాత సిద్ధమయ్యారు.

ఇంగ్లీషు ల్యాబును దీని పక్కన పెట్టి చూడండి. హెడ్‌ఫోన్ పెట్టుకున్న విద్యార్థి ఎదుట పాఠం వరస ముందే ఉంది, గంట ముందే ఉంది, మార్కులు సిలబస్‌లోనే ఉన్నాయి. టీచరు మాట బదులు స్పీకర్ మాట వస్తుంది. యంత్రం మారింది కానీ నిర్ణయం చేతులు మారలేదు.

ప్రశ్నావళి కొలవనివి

సంసిద్ధత సర్వేల్లో మూడు ఇబ్బందులున్నాయి. విద్యార్థి చెప్పేదానికీ చేసేదానికీ మధ్య దూరం ఒకటి. మార్కులేసే అధ్యాపకుడే కాగితం పంచితే 'నా చదువుకు నేనే బాధ్యుణ్ని' అన్న వాక్యానికి 'పూర్తిగా అంగీకరిస్తాను' అని టిక్కు పడుతుంది. భాష రెండోది. ఇంగ్లీషులో వెనకబడ్డవారి సంసిద్ధతను ఇంగ్లీషు వాక్యాలతో అడిగితే కొలిచేది చదివే శక్తినే. మూడోది అన్నిటికన్నా పెద్దది: తరగతి బయటి భాషల అనుభవాన్ని ఈ సర్వేలు దాదాపు అడగవు.

ఇక్కడ ఎదురు వాదాన్ని కూడా గౌరవంగా వినాలి. మండీలో నేర్చిన తమిళం, ఎంబీఏ పుస్తకం చదివే ఇంగ్లీషు ఒకటి కావు. నలుగురితో మాట్లాడే భాష రెండేళ్లలో రావచ్చు గానీ, చదువుకు కావలసిన భాషకు అంతకు రెండింతలు, మూడింతల కాలం పడుతుందని కెనడా పండితుడు జిమ్ కమిన్స్ చెబుతూ వచ్చాడు. పైగా తమిళం, కన్నడం తెలుగుకు అక్కచెల్లెళ్లు. వాక్యం అమరిక ఒకటే, వినడానికి రోజూ మనుషులున్నారు. ఇంగ్లీషుకు ఆ రెండూ లేవు. కాబట్టి బజారు నేర్పు యథాతథంగా తరగతికి రాదు. అందులోంచి రాగలిగేవి కొన్ని పనులు: తప్పుకు భయపడకపోవడం, తెలియని మాటను అడగడం, విన్నదాన్ని వెంటనే వాడి చూడటం.

ఇంకా తేలనివి

ఆసక్తి ముందా, స్వేచ్ఛ ముందా అన్నది తేలలేదు. టీచరు లేకుండా యంత్రమే నేర్పగలదా అన్నదీ తేలలేదు. హైదరాబాదులో కొద్దిమంది పిల్లలకు మాటను గుర్తించే సాఫ్ట్‌వేర్ ఇచ్చి వదిలేస్తే ఉచ్చారణ మెరుగైందని సుగతా మిత్రా బృందం 2003లో రాసింది. గోడలో కంప్యూటర్ అమర్చి పిల్లలను తమంతట తామే నేర్చుకోనిచ్చిన మిత్రా ప్రయోగాలను తర్వాత పరిశీలించిన పాయల్ అరోరా, పర్యవేక్షణ లేని చోట అవి నిలవలేదని 2010లో ఎత్తిచూపింది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ప్రశ్న ఇంకో రూపం ఎత్తింది. అర్ధరాత్రి కూడా విసుక్కోకుండా తప్పు దిద్దే తోడు దొరికింది. రాయవలసిన పేరా మొత్తం అదే రాసిచ్చే వీలూ దొరికింది. మొదటిది స్వయం అభ్యసనం, రెండోది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఒకే ఫోనులో రెండూ ఉన్నాయి, ఏది ఎంచుకుంటారన్నది అసైన్‌మెంటు ఎలా ఇచ్చారన్న దాని మీద ఆధారపడుతుంది.

ఇంగ్లీషు మాధ్యమం ఈ సంసిద్ధతను పెంచిందా, బట్టీని పెంచిందా అన్నదీ చర్చలోనే ఉంది. అర్థం కాని పుస్తకాన్ని సొంతంగా చదవడం ఎవరికీ సాధ్యం కాదు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలతో బడి దాటిన పిల్లలు ఇప్పుడు కాలేజీ మెట్లెక్కుతున్నారు. వాళ్లు రెండు పేజీల మధ్య ఎలా తిరుగుతారో చూడాల్సిన సమయం ఇదే.

దానికి కుప్పం కంటే తగిన చోటు లేదు. ద్రావిడ భాషల కోసమే 1997లో ఏర్పడిన విశ్వవిద్యాలయం అక్కడుంది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే బస్సులో వినబడే ఊరది. ఈ ప్రాంతపు కాలేజీల్లో ఈసారి సంసిద్ధత ప్రశ్నావళి పంచబోయే అధ్యాపకులకు, పరిశోధకులకు ఒక విన్నపం. కాగితాన్ని తెలుగులో అచ్చువేయండి. మార్కులు వేసే చెయ్యి కాకుండా వేరే చెయ్యి దాన్ని పంచాలి. మొదటి ప్రశ్నగా ఇది అడగండి: బడిలో ఎవరూ నేర్పకుండా మీకు వచ్చిన భాషలు ఎన్ని, వాటిని ఎవరి దగ్గర, ఎలా నేర్చుకున్నారు?